లేని వీరునికి ఉన్న ముఖం

మన కుటుంబాలలో బొమ్మలు గీసే పిల్లలకు ఈనాడు కొదవ లేదు. వారి పుస్తకాలు తెరిచి చూస్తే కత్తి పట్టిన కన్య, గడ్డం పెంచిన మాంత్రికుడు, కొనదేరిన చెవులతో అడవిమనిషి కనబడతారు. కొందరు కాగితంమీద పెన్సిలుతో గీస్తారు. కొందరు పలకవంటి టాబ్లెట్ మీద ప్లాస్టిక్ కలంతో గీస్తారు. వీరంతా కంప్యూటర్ ఆటలలో తిరిగే పాత్రలు. పెద్దవారికి ఇది అంతగా రుచించదు. “ఊరూ పేరూ లేనివాళ్ళ ముఖాలు గీసి ఏం సాధిస్తావే?” అని మనుమరాలిని తాతగారు అడుగుతారు.

తాతగారి ప్రశ్న తోసివేయదగినది కాదు. అయితే దానికి మంచి సమాధానం ఉన్నది. అది మూడు నాలుగు వందల ఏళ్ళ కిందటి ఐరోపా చిత్రకారుల పనిలో దొరుకుతుంది.

ఆటకోసం బొమ్మ వేయడం మనకు కొత్తేమీ కాదు. మైసూరులోను, మహారాష్ట్రలోని సావంత్‌వాడిలోను, ఒడిశాలోను గంజిఫా ఆటకు గుండ్రని ముక్కలమీద చేతితో బొమ్మలు వేసే విద్య తరతరాలుగా వస్తున్నది. దశావతార గంజిఫాలో అవతారానికి 12 ముక్కల చొప్పున 120 ముక్కలు. ప్రతి అవతారానికి ఒక రాజు, ఒక మంత్రి, తక్కినవి అంకెల ముక్కలు. కాని అక్కడ చిత్రకారునికి ఒక ఊత ఉన్నది. నరసింహుడు ఎట్లా ఉండాలో, పరశురాముని చేతిలో ఏముండాలో సంప్రదాయమే చెబుతుంది. ఈ కొత్త ఆటలలోని పాత్రకు అటువంటి ధ్యానశ్లోకం లేదు. గీసేవారే ముఖాన్ని పుట్టించాలి. చిక్కంతా అక్కడే.

ముందుగా ఈ ఆటల సంగతి రెండు మాటలలో చెప్పుకుందాం. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ‘డన్జన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను వెలువరించారు. బల్ల చుట్టూ కూర్చున్నవారు తలా ఒక పాత్ర ధరించి, పాచికలు వేసి, కథను కలిసి నడిపే ఆట అది. యోధుడు, మాంత్రికురాలు, దొంగ, వైద్యుడు, ఎవరికి నచ్చిన వేషం వారిది. 1998లో ఆ ఆట సూత్రాలమీదనే ‘బాల్డర్స్ గేట్’ అనే కంప్యూటర్ ఆట వచ్చింది. అందులో బృందంలోని ఆరుగురి ముఖాలు తెర అంచున నిలువుగా కనబడుతూ ఉంటాయి. కావాలంటే ఆడేవారు తాము గీసిన బొమ్మను కూడా అక్కడ పెట్టుకోవచ్చును. పెద్ద బొమ్మ 110 చుక్కల వెడల్పు, 170 చుక్కల ఎత్తు. చిన్నది 38 చుక్కల వెడల్పు, 60 ఎత్తు మాత్రమే. గోటియంత జాగాలో ఒక మనిషి ఉన్నాడని చూసేవారు నమ్మాలి!

ఇట్లాంటి ఆటలకు బొమ్మలు వేసేవారిలో పాత తైలచిత్రాలను గురువులుగా పెట్టుకున్నవారు ఉన్నారు. 1993లో మొదలైన ‘మాజిక్: ది గాదరింగ్’ అనే కార్డుల ఆటకు డొనాటో జియాంకోలా అనే అమెరికను చిత్రకారుడు తైలవర్ణాలతోనే బొమ్మలు వేశాడు. 2019లో ఎస్టోనియా దేశపు కళాకారులు తయారు చేసిన ‘డిస్కో ఎలీసియం’ అనే ఆటలో ముఖాలు దళసరి కుంచెతో పూసిన నూనెరంగుల బొమ్మలలాగా ఉంటాయి.

మన పిల్లల బొమ్మలలో సాధారణంగా కనబడే లోపం ఒకటి ఉన్నది. కవచం చక్కగా ఉంటుంది, కత్తి తళతళలాడుతుంది, జుట్టు గాలికి ఎగురుతుంది. ముఖం మాత్రం అందరికీ ఒక్కటే. అదే ముక్కు, అవే పెద్ద కళ్ళు, అదే పాలవంటి తెలుపు. కారణం తెలిసినదే. ఒక బొమ్మను చూసి మరొక బొమ్మ, దాన్ని చూసి ఇంకొకటి గీస్తున్నారు. మనిషిని చూసి గీయడం లేదు.

పాత చిత్రకారులు లేని మనుషులను గీయలేదా? బోలెడన్ని గీశారు. పదిహేడవ శతాబ్దపు హాలండులో ‘ట్రోని’ అనే ఒక రకం చిత్రం ఉండేది. డచ్చి భాషలో ఆ మాటకు ముఖమని అర్థం. డబ్బిచ్చి గీయించుకున్న షావుకారు చిత్రం కాదది. తలపాగానో, ఈక టోపీనో, ఉక్కు కంఠాభరణమో పెట్టి గీసిన ఒక వృద్ధుడు, ఒక సైనికుడు, ఒక పరదేశపు పిల్ల. పేరు లేదు, ఊరు లేదు. తాతగారు కోప్పడినది సరిగ్గా ఇటువంటి బొమ్మనే! హేగు నగరంలోని మారిట్స్‌హౌస్ మ్యూజియంలో ఉన్న వెర్మీర్ చిత్రం, ‘ముత్యపు లోలాకు పిల్ల’ అని లోకమంతా ఎరిగినది, ఇటువంటి ట్రోనియే. అది 1665 ప్రాంతానిది.

ఈ విద్యలో రెంబ్రాంట్ (1606–1669) సిద్ధహస్తుడు. ఆయన అద్దంలో తన ముఖమే చూసుకొని, దానికే కవచాలూ టోపీలూ తొడిగి ఎన్నో చిత్రాలు వేశాడు. వేషాలకు కావలసిన సరంజామా ఇంటినిండా పోగుచేశాడు. 1656లో అప్పులపాలై దివాలా తీసినప్పుడు అధికారులు ఆయన సామాను జాబితా వ్రాశారు. అందులో చిత్రాలతోపాటు శిరస్త్రాణాలు, ఆయుధాలు, గవ్వలు కూడా ఉన్నవి.

ఇందులో మనకూ ఒక చుట్టరికం ఉన్నది. రెంబ్రాంట్ 1656–1661 మధ్యకాలంలో మొగలాయి సూక్ష్మచిత్రాలను చూసి గీసుకున్న రేఖాచిత్రాలు ఇరవైకి పైగా నేటికీ నిలిచి ఉన్నవి. ఆ రోజులలో ఆమ్‌స్టర్‌డామ్‌కు తూర్పుదేశపు సరుకు తెచ్చిన డచ్చి కంపెనీ మన మచిలీపట్నంలోను, పులికాట్‌లోను కొట్లు పెట్టి వ్యాపారం చేసినదే. వేషం ఎక్కడినుంచైనా తెచ్చుకోవచ్చునని ఆ మహానుభావుడు ఎరుగును. కాని ముఖం మాత్రం కంటి ఎదుటి మనిషినుంచే తీసుకొన్నాడు. 1661 నాటి ‘ఇద్దరు ఆఫ్రికనులు’ అనే ఆయన చిత్రం చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. ఆయన నివసించిన పేటలోనే ఆనాడు ఆఫ్రికనులు ఉండేవారు. ఆ ఇద్దరి చిత్రంలో ఒకరి ముఖం మరొకరికి పోలదు, ఒకరి అలసట మరొకరిది కాదు.

లేని మనిషిని నమ్మించాలంటే ఉన్న ముఖాన్ని చూడాలి. మనం ఈ పాతవారినుంచి నేర్చుకోవలసిన మొదటి పాఠం ఇదే. ఇక పని ఎట్లా చేశారో చూద్దాం. టాబ్లెట్‌మీద గీసేవారికి కూడా ఈ క్రమం అక్షరాలా పనికివస్తుంది.

మొదటిది వెలుగు. ఇటలీలో కారవాజ్జో (1571–1610) వీధిలోని సామాన్యులను కూర్చోబెట్టి పుణ్యపురుషులను చిత్రించాడు. రోము నగరంలో ఒక చర్చిలో ఉన్న ‘మత్తయి పిలుపు’ (1599–1600) అనే చిత్రంలో చీకటిగదిలోకి ఒక పక్కనుంచి వెలుగు వస్తుంది. ఏ ముఖంమీద ఎంత పడాలో అంతే పడుతుంది. కాబట్టి గదిలో దీపాలన్నీ ఆర్పి, ఒక్క కిటికీ తెరిచి మనిషిని పక్కగా కూర్చోబెట్టాలి. వెలుగు కాస్త పైనుంచి వస్తే నీడవైపు కంటికింద, చెంపమీద ముక్కోణంవలె చిన్న వెలుగు నిలుస్తుంది. ఫొటోగ్రాఫర్లు దీన్ని ఈనాటికీ రెంబ్రాంట్ వెలుగు అనే పిలుస్తారు.

రెండవది అడుగుపూత. తెల్లని జాగామీద పని మొదలుపెడితే ప్రతి రంగూ నల్లగానే తోస్తుంది. అందుకని పాతవారిలో చాలామంది ముందుగా గోధుమరంగువంటి మధ్యరకం ఛాయ పూసుకునేవారు. తరువాత కళ్ళు సగం మూసి మనిషిని చూస్తే చిన్న వివరాలు మాయమై, వెలుగు ముద్ద ఒకటి, నీడ ముద్ద ఒకటి మిగులుతాయి. మొదట ఆ రెంటినే వేయాలి. కనురెప్పలు, వెంట్రుకలు తరువాతి మాట.

మూడవది రంగులేని బొమ్మ. తెలుపు, నలుపు, బూడిద ఛాయలతోనే ముఖమంతా తీర్చడాన్ని ‘గ్రిసాయ్’ అంటారు. 1400 ప్రాంతంలో చెన్నీనో చెన్నీని అనే ఇటలీ చిత్రకారుడు వ్రాసిన పుస్తకంలో ముఖాలకు అడుగున పచ్చమన్ను పూయమని చెప్పాడు. ముఖానికి ఆకుపచ్చ ఏమిటని ఆశ్చర్యపోనక్కరలేదు. పైన ఎర్రదనం పడినప్పుడు అడుగునున్న పచ్చదనం నీడ అంచులలో చల్లని ఛాయగా తొంగిచూస్తుంది. చర్మానికి ప్రాణం వస్తుంది.

నాలుగవది పలుచని పూతలు. అవిసె నూనెలో కొద్దిగా రంగు కలిపి, అడుగు బొమ్మ కనబడేటట్లు పూసి, ఆరనిచ్చి, మళ్ళీ పూస్తారు. ఆరడానికి రోజులు పడుతుంది. లియొనార్డో చిత్రాలను 2010లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఎక్స్‌కిరణాలతో పరీక్షించినప్పుడు కొన్ని పొరలు మిల్లీమీటరులో వెయ్యోవంతు, రెండు వేయోవంతుల మందం మాత్రమే ఉన్నట్లు తేలింది. టాబ్లెట్‌మీద ఇదే పనికి ‘లేయర్’ అనే పొరలున్నవి. ‘క్రిటా’ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పొరకు ‘మల్టిప్లై’ అనే గుణం పెడితే అడుగు బొమ్మ చెడకుండా దానిమీద రంగుగాజు పరచినట్లు అవుతుంది. ఆరేదాకా ఆగనవసరం లేదు. అయితే ఆగనవసరం లేకపోవడంవల్లనే పిల్లలు మూడవ మెట్టు ఎక్కకుండా నాలుగవదానికి దూకుతారు. రంగు తొందరపెడుతుంది. పెద్దలు అక్కడ కాస్త పట్టి ఆపాలి.

చివరిది మెరుపు. వెర్మీర్ పిల్ల చెవినున్న ముత్యాన్ని దగ్గరగా చూస్తే ముత్యమే ఉండదు! పైన దళసరిగా ఒక తెల్లని చుక్క, కింద తెల్లని కాలరునుంచి పడిన మసక వెలుగు. అంతే. వేలాడడానికి కొక్కెమైనా వేయలేదు. మిగిలినదంతా మన కన్నే పూరించుకుంటుంది. కవచానికి నూరు మెరుపులు పెట్టే పిల్లవాడు ఆ రెండు తాకుళ్ళను గంటసేపు చూడడం మంచిది.

ఇక పరీక్ష. పూర్తయిన బొమ్మను 38 చుక్కల వెడల్పుకు కుదించి చూడండి. కంటిరెప్పలు పోతాయి, కవచంమీది లతలు పోతాయి. వెలుగు నీడల ముద్దలు సరిగా పడితే ముఖం నిలుస్తుంది. లేకపోతే మరక మిగులుతుంది. పాత క్రమం ఎందుకు కావాలో ఇంతకంటె వేరే రుజువు అక్కరలేదు.

మన ఇళ్ళ పిల్లలకు ముఖ్యంగా చెప్పవలసినది మరొకటి ఉన్నది. వీరులంటే పాలవంటి తెలుపు అనుకోనక్కరలేదు. చామనఛాయ ముఖంమీద, నల్లని ముఖంమీద వెలుగు మరింత చురుకుగా మెరుస్తుంది. నుదుటిమీద కిటికీ ఆకాశపు నీలిమ కనబడుతుంది. నీడలో ఇటుకరంగు వెచ్చదనం ఉంటుంది. నీడకు ఉత్త నలుపు, వెలుగుకు ఉత్త తెలుపు కలిపితే మాత్రం ముఖానికి బూడిద రాసినట్లవుతుంది. ఇది పుస్తకాలకంటె మనిషిని చూస్తేనే బాగా పట్టుబడుతుంది.

ఈనాడు నాలుగు మాటలు టైపు చేస్తే క్షణంలో ఇటువంటి బొమ్మను తయారుచేసి ఇచ్చే యంత్రాలు వచ్చినవి. మరి చేతితో గీయడమెందుకని పిల్లలే అడుగుతున్నారు. యంత్రం లక్షల బొమ్మలను చూసి మరొక బొమ్మ ఇస్తుంది. మీ అమ్మమ్మ ఎడమ కనుబొమ కాస్త పైకి లేచి ఉంటుందని, నవ్వు ఆపుకున్నప్పుడు గడ్డం మీద సొట్ట పడుతుందని దానికి తెలియదు. అది తెలిసినది ఆ ఇంటి పిల్లకే. ఆ కనుబొమను ఒక మాంత్రికురాలికి పెడితే లోకంలో మరెక్కడా లేని మాంత్రికురాలు పుడుతుంది.

కాబట్టి పెద్దలకు ఒక మనవి. బరంపురంలోనైనా, బెంగుళూరులోనైనా, ముంబైలోనైనా, యానాంలోనైనా ఆదివారం సాయంకాలం అరగంట పిల్లలకోసం కిటికీ పక్కన కదలకుండా కూర్చోండి. తలకు తువ్వాలు చుట్టమంటే చుట్టించుకోండి. ఇత్తడి బిందెమూత డాలుగా పట్టుకోమంటే పట్టుకోండి. వీలైనప్పుడు వారిని మంచి తైలచిత్రాల దగ్గరకు తీసుకువెళ్ళండి. మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో రవివర్మ చిత్రాలున్నవి. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలోను, ముంబైలో ఛత్రపతి శివాజీ మహారాజ్ మ్యూజియంలోను ఐరోపా చిత్రాలున్నవి. అచ్చులో చూసినదానికి, ఎదుట నిలబడి చూసినదానికి చాలా తేడా ఉన్నది.

ఊరూ పేరూ లేనివాళ్ళ ముఖాలు గీసి ఏం సాధిస్తావని అడిగిన తాతగారు ఒకసారి అట్లా కూర్చుంటే, ఆ బొమ్మలో వీరునికి పేరు లేకపోయినా ముఖం ఎవరిదో ఇంటిల్లిపాదీ గుర్తుపడతారు. మనుమరాలు తాతను అంతసేపు అంత శ్రద్ధగా చూడడం కూడా ఈ రోజులలో చిన్న లాభం కాదు.