తర్వాత ఏం జరిగింది?

బాతులు మేపేవాళ్లను మీరు చూసే ఉంటారు. సాయంత్రం కొల్లేరు గట్టున నిలబడి ఒక కేక వేస్తారు. నీళ్లలో ఉన్న బాతులన్నీ బిలబిలమంటూ గట్టుకు వస్తాయి. వాటికి మన మాటలు తెలుసా? తెలియవు. కేక విని వచ్చినప్పుడల్లా గింజలు దొరికాయి. అందుకే వస్తాయి. గింజలు వేయడం మానేస్తే కొన్నాళ్లు వస్తాయి. ఆ తర్వాత రావు.

పిల్లలు బాతులు కారు. వాళ్లకు మనసుంది, మాట ఉంది. అయినా ఈ ఒక్క సంగతి పిల్లలకీ, పెద్దలకీ కూడా వర్తిస్తుంది. ఒక పని చేస్తే కావలసింది దొరికిందనుకోండి. ఆ పని మళ్లీ చేస్తాం.

కొట్టు దగ్గర ఏడుపు

ఒక అమ్మ చేపల చెరువు పని నుంచి ఇంటికి వస్తోంది. పక్కన కొడుకు ఉన్నాడు. దారిలో కొట్టు కనిపించింది. "బిస్కెట్లు కొనమ్మా" అన్నాడు. "వద్దు" అంది. వాడు నేల మీద పడి దొర్లాడు. నలుగురూ చూస్తున్నారు. అమ్మ కొనిపెట్టింది. ఏడుపు ఆగింది.

వాడేం నేర్చుకున్నాడు? అడిగితే రావు, ఏడిస్తే వస్తాయి అని. అమ్మ ఏం నేర్చుకుంది? కొనిపెడితే ఏడుపు ఆగుతుందని. ఇద్దరూ ఒకరికొకరు పాఠం చెప్పుకున్నారు.

"వాడు మొండివాడు" అంటే దారి దొరకదు. మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

ముందు ఏం జరిగింది?
పిల్లవాడు ఏం చేశాడు?
తర్వాత ఏం జరిగింది?

ఇలా చూసి ప్రవర్తనను మార్చే పద్ధతిని ప్రవర్తన విశ్లేషణ అంటారు. అమెరికాలో స్కిన్నర్ అనే శాస్త్రవేత్త 1930ల నుంచి ఎలుకలతో, పావురాలతో దీన్ని పరీక్షించి చూశాడు.

రెండు కొత్త మాటలు

పునర్బలనం: ఒక పని తర్వాత వచ్చి, ఆ పనిని పెంచేది. మెచ్చుకోవడం పునర్బలనం కావచ్చు. ఒక్కోసారి తిట్టు కూడా అవుతుంది. అమ్మ తనవైపు చూస్తే చాలనుకునే పిల్లకు తిట్టు కూడా దక్కినట్టే!

విరమణ: ఇంతకాలం దొరికింది దొరక్కపోతే ఆ పని తగ్గిపోవడం. కానీ జాగ్రత్త. మొదట్లో ఏడుపు ఇంకా పెరగవచ్చు. అప్పుడు కొనిపెడితే, పెద్దగా ఏడవమని నేర్పినట్టే. నెమ్మదిగా అడిగినప్పుడు మాత్రం మెచ్చుకోండి. ఇవ్వగలిగింది అప్పుడే ఇవ్వండి. ఆకలితో, నొప్పితో ఏడిస్తే అది వేరు. ముందు అది చూడాలి.

చెయ్యి పట్టి, చెయ్యి వదిలి

మీరు సంతకం ఎలా నేర్చుకున్నారు? మొదట టీచరు మీ చెయ్యి పట్టి దిద్దించారు. తర్వాత చుక్కలు పెట్టి కలపమన్నారు. తర్వాత చుక్కలూ పోయాయి. ఇప్పుడు మీరే రాస్తున్నారు. సాయం ఇవ్వడం, దాన్ని కొంచెం కొంచెంగా తీసేయడం, ఇదీ ఈ పద్ధతిలో భాగమే.

మేధో వైకల్యం ఉన్న పిల్లలకు ఇది బాగా పనికొస్తుంది. వాళ్ల కోసం 1984లో సికింద్రాబాదులో ఒక జాతీయ సంస్థ పెట్టారు. ఈ పద్ధతిలో ఎలా నేర్పాలో టీచర్లకు చెబుతూ ఆ సంస్థ 1992లో ఒక పుస్తకం తెచ్చింది. పెషావరియా, వెంకటేశన్ రాశారు.

చేతులు కడుక్కోవడం నేర్పాలా? ముక్కలు చేయండి. చేతులు తడపడం, సబ్బు రుద్దడం, కడగడం, తుడుచుకోవడం. ఒక్కొక్క మెట్టు నేర్పండి. ఒక్క మెట్టు వచ్చినా వెంటనే మెచ్చుకోండి. సాయంత్రం దాకా ఆగితే, ఎందుకు మెచ్చుకున్నారో పిల్లకు తెలియదు.

దెబ్బ వేస్తే ఆ పూటకు ఆగుతుంది. కానీ ఏం చేయకూడదో తప్ప, ఏం చేయాలో దెబ్బ నేర్పదు. భయం మాత్రం మిగులుతుంది.

మాట ఆలస్యమైనా, పిలిస్తే పలకకపోయినా "అదే వస్తుందిలే" అని కూర్చోకండి. ముందు డాక్టరుకు చూపించండి. చెవి కూడా పరీక్ష చేయించండి. మండలంలోని భవిత కేంద్రంలో అడగండి.

ఆలోచించండి

1. మీ ఇంట్లో ఏ ఏడుపుకు ఏం దొరుకుతోంది?
2. ఈ రోజు మీ పిల్లలు చేసిన ఏ మంచి పనిని చూడకుండా వదిలేశారు?
3. రేపు దాన్ని ఎలా మెచ్చుకుంటారు? పలక మీద ఒక్క వాక్యం రాయండి.