వ్యాను దారిలో గోదావరి రుచులు
ఏ ఊరి వంట ఆ ఊరిదే.. అసలేదో తెలుసుకుని కొంటేనే తయారీదారులకు మేలు

ఆత్రేయపురం: సెలవులు వచ్చాయంటే చాలు, రెండు మూడు కుటుంబాలు కలిసి ఒక వ్యాను మాట్లాడుకుని గోదావరి తీరాన్ని చుట్టి రావడం ఇటీవలి కాలంలో పరిపాటిగా మారింది. ఒకప్పుడు ఇటువంటి యాత్రలన్నీ ద్రాక్షారామం, అన్నవరం, అంతర్వేది వంటి క్షేత్రాల కోసమే సాగేవి. ఇప్పుడు దర్శనంతోపాటు పూతరేకులు, కాజాలు, పులస పులుసు కూడా ప్రయాణ పట్టికలో చేరాయి. 2022 ఏప్రిల్‌లో ఉమ్మడి తూర్పుగోదావరి జిల్లా విడిపోయినా, రుచుల దారి మాత్రం ఒక్కటిగానే మిగిలింది. ఏ రుచి ఏ ఊరికి ఎందుకు అబ్బింది, అసలు సరుకును గుర్తించడమెలా, వ్యాను మాట్లాడుకునే ముందు ఏమేమి చూసుకోవాలి అన్న అంశాలపై ప్రత్యేక కథనం.

దారి ఇలా..
రాజమహేంద్రవరంలో ఉదయమే బయలుదేరితే ధవళేశ్వరం ఆనకట్ట మీదుగా బొబ్బర్లంక, అక్కడినుంచి కాలువ గట్టు వెంట లొల్ల, ఆత్రేయపురం చేరవచ్చు. ఆపై రావులపాలెం, కొత్తపేట, అంబాజీపేట, అమలాపురం, ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక వద్ద బాలయోగి వారధి దాటితే యానాం వస్తుంది. అక్కడినుంచి కాకినాడ. తిరుగు ప్రయాణంలో రామచంద్రపురం, మండపేట, తాపేశ్వరం, ద్వారపూడి, కడియం మీదుగా మళ్లీ రాజమహేంద్రవరం చేరుకోవచ్చు. మొత్తం దాదాపు 200 కిలోమీటర్లు. ఒక్కరోజులో తిరగడం సాధ్యమే అయినా, రుచి చూడటానికి వచ్చినవారు రెండు రోజులు కేటాయించుకోవడం మంచిది. శనివారాల్లో వాడపల్లి వేంకటేశ్వరస్వామి ఆలయానికి భక్తులు పోటెత్తుతారు గనుక ఆత్రేయపురం దారిలో వాహనాల రద్దీ విపరీతంగా ఉంటుంది. తీరిక ఉన్నవారు మరో రోజును ఎంచుకోవాలి.

ఈ రుచులన్నింటికీ మూలం నీరే. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత డెల్టాకు స్థిరమైన సాగునీరు అందింది. వరి, చెరకు, కొబ్బరి, అరటి విస్తరించాయి. పాడి పెరిగింది. బియ్యం, బెల్లం, నెయ్యి, కొబ్బరి ఒకేచోట సమృద్ధిగా దొరకడంతో ఊరికో పిండివంట పుట్టిందనడంలో అతిశయోక్తి లేదు.

పొగ మధ్య పుట్టే తెల్లని రేకు
ఆత్రేయపురం పేరు చెబితే గుర్తుకొచ్చేది పూతరేకే. నానబెట్టిన బియ్యాన్ని పాలవలె పలుచగా రుబ్బుతారు. ఇందుకు జయ రకం బియ్యం అనువైనదని తయారీదారులు చెబుతారు. ప్రత్యేకంగా చేయించిన మట్టికుండను బోర్లించి, దాని పక్కనున్న రంధ్రం ద్వారా లోపల ఎండు కొబ్బరాకుల మంట పెడతారు. పలుచని గుడ్డను పిండిలో ముంచి కుండ వీపు మీద ఒక్క లాగు లాగితే, క్షణాల్లో ఉల్లిపొర వంటి రేకు లేస్తుంది. గుడ్డ తడి ఎక్కువైతే రేకు మందమవుతుంది, మంట ఎక్కువైతే మాడుతుంది, తక్కువైతే కుండను వదలదు. ఈ మూడింటినీ చేతి అంచనాతోనే నిలబెట్టాలి. దీనికి యంత్రం సాటిరాకపోవడానికి కారణం ఇదే. రేకుల మధ్య నెయ్యి, పంచదార పొడి లేదా బెల్లం తురుము, జీడిపప్పు, బాదం పలుకులు చల్లి మడత పెడితే పూతరేకు సిద్ధమవుతుంది.

కుండ ముందు కూర్చునేది దాదాపు అందరూ మహిళలే. గంటల తరబడి మంట వేడిమిని, పొగను భరిస్తూ రేకులు తీయడం, మళ్లీ నీడలో కూర్చుని మడతలు పెట్టడం వీరి దినచర్య. ఈ ఊరికీ, చుట్టుపక్కల పల్లెలకూ ఇదే కుటీర పరిశ్రమ. అయితే దుకాణంలో పెట్టెకు పెట్టే ధరకూ, రేకు తీసిన చేతికి దక్కే కూలికీ మధ్య చాలా దూరముంది. వీలైతే తయారుచేసే ఇంటివద్దనే కొనుగోలు చేస్తే ఆ దూరం కొంతైనా తగ్గుతుంది. పని చేస్తున్నవారిని ఫొటో తీయాలనుకుంటే ముందుగా అడగడం మర్యాద.

పేరుకు రక్షణ
ఆత్రేయపురం పూతరేకుకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. 1999లో చేసిన చట్టం ప్రకారం ఇచ్చే ఈ గుర్తింపు 2003 సెప్టెంబరు నుంచి దేశంలో అమలులో ఉంది. నిర్దిష్ట ప్రాంతంలో, నిర్దిష్ట పద్ధతిలో తయారుచేసే అధీకృత వినియోగదారులకే ఆ గుర్తింపును వాడుకునే హక్కు ఉంటుంది. నమోదు పదేళ్లపాటు చెల్లుతుంది, తరువాత పునరుద్ధరించుకోవాలి. బందరు లడ్డుకు 2017లోనే ఇటువంటి గుర్తింపు దక్కింది.

అయితే చట్టం పేరును కాపాడుతుందే గాని, కొనేవారి బదులు రుచి చూడదు. నెయ్యి స్థానంలో వనస్పతి చేరితే ధర తగ్గుతుంది, నాలుకకు జిడ్డు మిగులుతుంది. ధర మరీ తక్కువగా చెబితే ఏం వాడారని నిలదీసి అడగాలి. ప్యాకెట్‌పై 14 అంకెల ఆహార భద్రత లైసెన్సు సంఖ్య, తయారీ తేదీ ఉన్నాయో లేదో చూడాలి. విడిగా అమ్మే మిఠాయిల వద్ద ఎన్నాళ్లలోగా తినాలో తెలిపే తేదీని ప్రదర్శించాలని ఆహార భద్రత సంస్థ 2020 అక్టోబరు 1 నుంచి తప్పనిసరి చేసింది.

ఒక్క పిండి.. రెండు కాజాలు
తాపేశ్వరం కాజా, కాకినాడ కాజా ఒక్కటేనని బయటి ప్రాంతాలవారు పొరబడుతుంటారు. తాపేశ్వరానిది మడత కాజా. మైదా ముద్దను పలుచని పొరగా సాగదీసి, చుట్టగా చుట్టి, ముక్కలు కోసి, నొక్కి వేయిస్తారు. పాకంలో పడిన తరువాత పొరపొరకూ తీపి ఎక్కుతుంది. 1930లలో పోలిశెట్టి సత్తిరాజు దీనికి శ్రీకారం చుట్టారు. ఇదే ఊరిలో 2016లో తయారైన 29,465 కిలోల లడ్డు గిన్నిస్ పుటలకెక్కడం విశేషం. కాకినాడది గొట్టం కాజా. కోటయ్య కాజాగా ప్రసిద్ధి. బాగా మర్దించిన పిండితో చేసిన కాజా నూనెలో పొంగి లోపల గుల్ల అవుతుంది, ఆ గుల్లలో పాకం నిండుతుంది. పైన కరకర, కొరికితే పాకం చిప్పిల్లుతుంది. అందుకే వ్యానులో కూర్చుని తినేవారు చొక్కా చూసుకోవాలన్నది స్థానికుల చమత్కారం.

దారిలో మరో రుచి అంబాజీపేట పొట్టిక్కలు. పనసాకులను పుల్లలతో బుట్టగా కుట్టి, అందులో మినప ఇడ్లీ పిండి పోసి ఆవిరిపై ఉడికిస్తారు. ఆకు వాసన పిండికి పడుతుంది. ఉదయం పూట వెళ్లినవారికే వేడిగా దక్కుతుంది.

పులస పేరిట మోసం
పుస్తెలమ్మైనా పులస తినాలన్న నానుడి ఈ ప్రాంతంలో వినని వారుండరు. సముద్రంలో విలసగా పిలిచే చేప, గోదావరికి ఎర్రనీరు తగిలిన జులై నుంచి సెప్టెంబరు వరకు గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీది వస్తుంది. ఆ ఈతతో దాని రుచి మారి పులస అవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దాటి పైకి పోలేదు. మట్టి దాకలో చింతపండు పులుసు, బెండకాయలు వేసి సన్నని సెగపై వండి, మరునాడు తినడం ఇక్కడి ఆచారం.

ఏటా పులస దిగుబడి పడిపోతోంది. నదీముఖాల్లో చిన్న కన్నుల వలలతో పిల్లచేపలను పట్టేయడం, కాలుష్యం ఇందుకు ప్రధాన కారణాలు. ధర మాత్రం ఒక్కో చేపకు వేల రూపాయలకు చేరింది. ఫలితంగా ఒడిశా, బెంగాల్ నుంచి మంచుపెట్టెల్లో వచ్చే చేపను పులసగా అంటగట్టడం సర్వసాధారణమైంది. వేసవిలోనో, సంక్రాంతికో పులస ఉందని బోర్డు కనిపిస్తే అది గోదావరి పులస కాదని గ్రహించాలి. తెలిసినవారి ద్వారా రేవులోనే కొనడం ఉత్తమం.

వ్యాను ఎక్కేముందు..
వ్యాను నంబరు పలక పసుపు రంగులో ఉందో లేదో మొదట చూడాలి. తెల్ల పలక బండి సొంత వాడకానికి మాత్రమే. అటువంటి బండిని అద్దెకు తిప్పుతూ ప్రమాదం జరిగితే బీమా సంస్థ పరిహారానికి అభ్యంతరం చెప్పే వీలుంది. యానాం పుదుచ్చేరిలో భాగం గనుక అక్కడికి అనుమతి పత్రం విషయం డ్రైవరును ముందే అడగాలి. సీట్లకు మించి ఎక్కడం, తెల్లవార్లూ ప్రయాణించడం మానుకోవాలి. చట్టం డ్రైవరుకు రోజుకు 8 గంటల పనినే నిర్దేశిస్తోంది. భోజనం వద్ద అందరికంటే ముందు ఆయనకు వడ్డించి, ఓ గంట కునుకు తీయనిస్తే ఇంటిల్లిపాదీ క్షేమంగా చేరతారు. కాలువ గట్ల దారులు ఇరుకు, పక్కనే నీరు. రాత్రివేళ ఆ దారులు తగవు.

పూతరేకుల పెట్టెపై సంచులు పెడితే ఇంటికి పొడి మిగులుతుంది. దానిని ఒళ్లోనో, సీటు పైనో ఉంచుకోవాలి. ఇంజను వేడి తగిలేచోట నెయ్యి మిఠాయిలు పెట్టరాదు.

కాలువలోకి విసరవద్దు
ప్రయాణికులు మరువరాని విషయం మరొకటుంది. దారి పొడవునా కనిపించే కాలువలు పొలాలకే కాదు, పల్లెల మంచినీటి చెరువులకూ ఆధారం. వేసవిలో కాలువలు కట్టివేసే ముందు చెరువులను ఈ నీటితోనే నింపుకుంటారు. గట్టు మీద భోజనం చేసి విస్తళ్లు, సీసాలు నీటిలోకి విసిరితే అవి కింది ఊళ్ల తాగునీటిలో చేరతాయి. వ్యానులో ఒక గోనెసంచి వేసుకుని చెత్తను పట్టణం వరకు తీసుకెళ్లడం పెద్ద శ్రమ కాదు. పూతరేకుకు బియ్యమిచ్చినా, పులసకు దారిచ్చినా ఈ నీరే కదా.