రోలర్ కోస్టర్ కడ్డీ మావాడికి ఎందుకు పడలేదు?



పోయిన సంక్రాంతి సెలవులకు ముందు అన్నలు చందాలు వేసుకుని మమ్మల్ని ఒకరోజు విహారయాత్రకు పంపిన సంగతి అందరికీ తెలిసిందే. వార్డెన్ సారు బస్సు మాట్లాడారు. వంట మాస్టారు తెల్లవారుజామున మూడింటికే లేచి పులిహోర కలిపి డబ్బాల్లో సర్దారు. ఊరవతల ఉన్న ఒక వినోద పార్కులో దిగాం. లోపలికి అడుగు పెట్టగానే అందరి కళ్లూ రోలర్ కోస్టర్ మీదే పడ్డాయి. గంటసేపు క్యూలో నిలబడ్డాక మా వంతు వచ్చింది. అందరం ఎక్కి కూర్చున్నాం. ఒక్క సీటు దగ్గర మాత్రం పని ఆగిపోయింది.

ఆ సీటులో ఉన్నది మా ఇంటర్ రెండో సంవత్సరం మిత్రుడు. ఆరడుగుల రెండంగుళాల ఎత్తు, నూటపది కిలోల బరువు. కబడ్డీలో మా జట్టుకు కొండంత అండ. భుజాల మీదుగా దిగాల్సిన ఇనుప చట్రం వాడి ఛాతీ దగ్గరే ఆగిపోయింది. ఆపరేటర్ రెండుసార్లు నొక్కి చూశాడు. మూడోసారి ఇంకొకతన్ని పిలిచాడు. తరవాత "దిగు బాబూ" అన్నాడు. వెనక క్యూలో ఎవరో నవ్వారు. నిజం చెప్పాలంటే మేమూ నవ్వాం. వాడు దిగిపోయి, మా చెప్పులకూ సంచులకూ కాపలాగా బెంచీ మీద కూర్చున్నాడు. ఆ రాత్రి హాస్టల్‌కు తిరిగొచ్చాక అన్నానికి రాలేదు.

మర్నాడు మా అందరికీ సిగ్గేసింది. అసలు ఆ చట్రం ఎందుకు పడలేదు, పడకపోతే ఏమవుతుంది అని ఫిజిక్స్ సారును అడిగాం. కంప్యూటర్ ల్యాబ్‌లో కూర్చుని వెతికాం. తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం. ముందు వాడికి చదివి వినిపించి, వాడు సరేనన్నాకే సంచికకు ఇచ్చాం.

మొదట మాకున్న అపోహ ఏమిటంటే, బరువెక్కువైతే పట్టాలు ఆగలేవని. అది తప్పు. రైలు బరువే టన్నుల లెక్కలో ఉంటుంది, దానికి నూటపది కిలోలు ఒక లెక్క కాదు. పైగా నిండా జనం ఉన్న రైలు ఖాళీ రైలు కంటే కాస్త వేగంగానే పోతుంది. గాలి నిరోధం బరువైన దాన్ని అంత తేలిగ్గా ఆపలేదు. కాబట్టి చిక్కు బరువుతో కాదు, కొలతలతో. త్రాసు పక్కన పెట్టి, దర్జీ టేపు చేతిలోకి తీసుకోవాలి.

రెండో అపోహ ఇంకా పెద్దది. తలకిందులుగా తిరిగే చోట కింద పడిపోతామని అందరికీ భయం. 1976లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, మ్యాజిక్ మౌంటెన్ పార్కులో 'రెవల్యూషన్' అనే కోస్టర్ తెరిచారు. నిలువు చుట్టుతో వచ్చిన ఆధునిక ఉక్కు కోస్టర్లలో అదే మొదటిది. జర్మనీకి చెందిన ఆంటన్ ష్వార్జ్‌కోఫ్, వెర్నర్ ష్టెంగెల్ దాన్ని రూపొందించారు. అందులో కూర్చున్నవాళ్లకు తొడల మీద ఒక్క కడ్డీ తప్ప భుజాల మీద ఏమీ లేదు! బకెట్‌లో నీళ్లు పోసి గిర్రున తిప్పితే ఒక్క చుక్క కారదు కదా, ఇదీ అంతే. సరైన వేగం ఉంటే చుట్టులో ఉన్నంతసేపూ సీటు మనల్ని వదలదు. 1990లలో దానికి భుజాల చట్రాలు తగిలించారు, 2016లో వాటిని తీసేసి మళ్లీ తొడల కడ్డీయే పెట్టారు.

మరి ప్రమాదం ఎక్కడ? గుట్ట ఎక్కి దిగే చోట. పల్లెవెలుగు బస్సులో వెనక సీటులో కూర్చున్నవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. స్పీడ్ బ్రేకర్ మీద బస్సు కిందికి దిగిపోతుంది, మనం ఇంకా పైకే పోతుంటాం. దీన్నే పాఠంలో జడత్వం అని చదివాం. కోస్టర్‌లో గుట్టను కావాలనే అలా కడతారు, అక్కడి గాల్లో తేలే సరదా కోసమే జనం ఎక్కుతారు. ఆ క్షణంలో మనల్ని రైలుతోపాటు కిందికి లాగేది సీటు కాదు, కడ్డీ. ఒక్కోచోట మన బరువంత బలంతో మనం కడ్డీని పైకి నెడతాం. యాభై కిలోల తమ్ముడైతే యాభై కిలోలు, మావాడైతే నూటపది.

అందుకే కడ్డీ ఎక్కడ ఆనుతోందన్నదే అసలు సంగతి. అది పొత్తికడుపు కింద, తొడలు మొదలయ్యే మడతలో, కటి ఎముక దగ్గర ఆనాలి. ఎముక నలగదు, జరగదు. పొట్ట అలా కాదు, మెత్తగా పక్కకు ఒదిగిపోతుంది. కడ్డీ పొట్ట మీదే ఆగిపోతే తొడకూ కడ్డీకీ మధ్య నాలుగు వేళ్ల సందు మిగులుతుంది. రైలు నిలబడి ఉన్నప్పుడు కడ్డీ బిగుతుగానే అనిపిస్తుంది. గుట్ట మీద ఒళ్లు పైకి లేచినప్పుడు పొట్ట ఒదిగి, ఆ సందు బయటపడుతుంది. జాతరలో జెయింట్ వీల్ తొట్టికి అడ్డంగా ఒకే గొట్టం ఉంటుంది చూడండి, దానికీ ఇదే చిక్కు. ఇద్దరికీ ఒకే కడ్డీ అయితే అది లావుపాటి మనిషి దగ్గర ఆగుతుంది, పక్కనున్న బక్కపిల్లాడికి అసలు ఆనదు. అందుకే కొత్త కోస్టర్లలో ఎవరి కడ్డీ వారికే పెడుతున్నారు.

పొడుగువాళ్ల కష్టం వేరు. మోకాళ్లు ముందు సీటుకు తగలడం చిన్న సంగతి. భుజాల చట్రం ఉన్న చోట లెక్కకు వచ్చేది మొత్తం ఎత్తు కాదు, కూర్చున్నప్పటి ఎత్తు. మా గదిలో అయిదడుగుల పదంగుళాలవాళ్లు ఇద్దరున్నారు. గోడకు ఆనించి నేల మీద కూర్చోబెట్టి కొలిస్తే ఇద్దరికీ మూడంగుళాల తేడా వచ్చింది! ఒకడి పొడుగంతా కాళ్లలో ఉంది, ఇంకొకడిది నడుం పైన ఉంది. రెండోవాడికే చట్రం భుజాలను నొక్కుతుంది, తల అటూ ఇటూ కొట్టుకుంటుంది. మావాడి సంగతి చూస్తే భుజాలూ పొడవు, ఛాతీ కూడా వెడల్పు. రెండూ కలిసి చట్రాన్ని గడి పడేదాకా రానివ్వలేదు.

ఇంకొక కారణం కూడా ఉంది. కూర్చున్న మనిషి చేతులు చాపితే స్తంభాలు, దూలాలు ఏవీ అందకుండా చుట్టూ ఖాళీ వదలాలి. పట్టాల వెంబడి ఆ కొలతకు చేసిన చట్రాన్ని తిప్పి, ఎక్కడా తగలదని చూసుకుంటారు. ఆ ఖాళీని ఏ ఎత్తు మనిషికని లెక్క కట్టారో, అంతకు మించినవాళ్లను ఎక్కించరు. ఓహాయో రాష్ట్రంలో 2003లో తెరిచిన 420 అడుగుల 'టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్'కు ఆరున్నర అడుగుల గరిష్ఠ పరిమితి ఉండేది. పొట్టివాళ్లకు గీత ఉంటుందని మనకు తెలుసు, పొడుగువాళ్లకూ ఉంటుందని మాకు అప్పుడే తెలిసింది.

ఇప్పుడు చెప్పబోయేది చదివాక మాలో ఎవరికీ మాట రాలేదు. 2022 మార్చి 24 రాత్రి, అమెరికాలోని ఓర్లాండో నగరంలో పద్నాలుగేళ్ల కుర్రాడు ఒకడు 430 అడుగుల టవర్ ఎక్కాడు. అది కోస్టర్ కాదు, సీట్లను పైకి తీసుకెళ్లి ఒక్కసారిగా కిందికి వదిలే ఆట. కానీ అందులోనూ ఇలాంటి భుజాల చట్రమే ఉంది. కుర్రాడు ఆరడుగులు దాటిన ఎత్తు, 170 కిలోలకు పైన బరువు. తయారీదారు పుస్తకంలో రాసిన పరిమితి 130 కిలోలు. చట్రం తగినంత దిగిందో లేదో చెప్పే సెన్సార్‌ను ఆ సీటు దగ్గర ముందే చేత్తో సవరించి ఉంచారని తరవాత ఇంజినీర్ల పరిశీలనలో తేలింది. మామూలుగా మూడు, మూడున్నర అంగుళాలు ఉండాల్సిన సందు ఆ సీటులో దానికి దాదాపు రెట్టింపు ఉన్నా, అంతా సరిగానే ఉన్నట్టు దీపం వెలిగింది. చట్రానికి తోడుగా బెల్టు లేదు. టవర్ కిందికి వస్తూ బ్రేకులు పడేసరికి ఆ సందులోంచి కుర్రాడు జారిపోయాడు, ప్రాణం పోయింది. 2023లో ఆ టవర్‌ను విప్పేశారు. అదే ఏడాది ఫ్లోరిడా రాష్ట్రం కుర్రాడి పేరుతో ఒక చట్టం చేసింది. పద్నాలుగేళ్లంటే మన తొమ్మిదో తరగతి తమ్ముళ్ల వయసు. ఆ కుర్రాణ్ణి దిగమని ఒక్కరూ అనలేదు.

ఇలాంటివి అంతకుముందూ జరిగాయి. 2004లో మసాచుసెట్స్‌లో ఒక కోస్టర్ నుంచి ఒకాయన పడి చనిపోయారు. ఆయన పొట్టకు అడ్డం వచ్చి కడ్డీ తొడల దాకా దిగలేదు, పనివాళ్లు సరిగా చూడలేదు. 2013 జూలైలో టెక్సాస్‌లోని ఆర్లింగ్‌టన్‌లో 'న్యూ టెక్సాస్ జెయింట్' నుంచి ఒకావిడ పడిపోయారు. ఆ తరవాతే ఆ కోస్టర్‌కు సీటు బెల్టులు పెట్టారు, ముందుగా కూర్చుని చూసుకోవడానికి దారి మొదట్లో ఒక సీటు ఉంచారు.

ఇదంతా చదివాక ఆ ఆపరేటర్ మీద మాకున్న కోపం పోయింది. కానీ అడగాల్సిన ప్రశ్న ఒకటి మిగిలింది. సీటు ఎవరి కొలతకు చేశారు? జనాభాలో ఎక్కువమంది కొలతలు తీసుకుని, రెండు చివరలా ఉన్న కొద్దిమందిని వదిలేసి సీటు గీస్తారు. మన హాస్టల్ మంచం కూడా అలా చేసిందే. మావాడి కాళ్లు రెండేళ్లుగా మంచం చివరి కడ్డీ మీదుగా బయటికే ఉంటున్నాయి. యూనిఫాం గుడ్డ అందరికీ ఒకే కొలతలో వస్తుంది, వాడికి ప్యాంటు చీలమండల పైనే ఆగుతుంది. అప్పుడు మాత్రం గుడ్డ చాల్లేదంటాం. కోస్టర్ దగ్గరికొచ్చేసరికి మనిషి ఎక్కువయ్యాడన్నాం.

తయారుచేసేవాళ్లు తలచుకుంటే సీటు మారుతుంది కూడా. 2010లో ఓర్లాండోలో హ్యారీ పోటర్ పేరుతో తెరిచిన ఆటలో చాలామంది లావుపాటివాళ్లకు చట్రం పడలేదు. గొడవ అయ్యాక, అదే ఏడాది కొన్ని సీట్లను సవరించారు. స్విట్జర్లాండ్‌కు చెందిన బోలిగర్ అండ్ మాబియార్డ్ కంపెనీ కోస్టర్లు చాలావాటిలో కొన్ని వరుసల్లో పెద్ద సీట్లు, రెండేసి బెల్టులు ఉంటాయి. ఏ వరుసో అడిగితే చెబుతారు. ఇంకొన్నిచోట్ల ముందే రాసి పెడుతున్నారు. 2023లో హాలీవుడ్‌లో తెరిచిన మారియో కార్ట్ ఆటకు, నడుం కొలత 40 అంగుళాలు దాటితే కుదరకపోవచ్చని ప్రకటించారు. దాని మీద విమర్శలు వచ్చాయి. మాకైతే అది నయమనిపించింది. గంట క్యూలో నిలబడి, వందమంది ముందు దిగడం కంటే ఇంటి దగ్గరే తెలియడం మేలు కదా.

పెద్ద ఒళ్లున్న అన్నలకు మేము తెలుసుకున్న చిన్న సంగతులు. క్యూలో చేరకముందే నమూనా సీటు ఉందేమో అడగండి. పిరుదులు సీటు చివరిదాకా జరిపి, వీపు నిటారుగా ఆనించి కూర్చుంటే ఒకటి రెండు అంగుళాలు కలిసొస్తాయి. జేబులో పర్సు, ఫోను తీసేయాలి. కడ్డీని తొడల మడతలోకి మీరే లాక్కోండి. ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాగి గడి పడేలా మాత్రం చేయకండి. ఊపిరి వదిలాక కూడా ఆ కడ్డీ అక్కడే ఉండాలి. గడి పడలేదంటే ఆపరేటర్‌ను బతిమాలొద్దు.

ఈ ఏడాది యాత్రకు ముందు మేము నాలుగు పార్కులకు ఫోన్ చేశాం. కనీస ఎత్తెంతో నాలుగు చోట్లా వెంటనే చెప్పారు. ఛాతీ కొలత గురించి అడిగితే ముగ్గురు "వచ్చి చూసుకోండి" అన్నారు. నాలుగో చోట ఒకావిడ "ఆగండి బాబూ, మెకానిక్ గారిని అడుగుతాను" అని లైన్లో ఉంచి, తిరిగొచ్చి, నమూనా సీటు లేదు గానీ జనం తక్కువగా ఉండే మంగళవారం పొద్దున పది గంటలకు వస్తే ఖాళీ రైల్లో కూర్చోబెట్టి చూపిస్తామని చెప్పింది. మంగళవారానికి సెలవు ఇప్పించమని వార్డెన్ సారుకు అర్జీ పెట్టుకున్నాం. మావాడు దాని మీద అందరికంటే ముందు సంతకం పెట్టాడు.