ఏమీ జరగకుండా చూచేవారు

పిల్లలూ, మీలో చాలామంది తిరుపతి వెళ్ళే ఉంటారు. కొండ ఎక్కబోయే ముందు అలిపిరి దగ్గర బస్సులూ, కార్లూ అన్నీ ఆగుతాయి. అందరూ కిందికి దిగాలి. పెట్టెలూ, సంచులూ ఒక యంత్రంలోకి పంపాలి. మనుషులు ఒక వాకిలి చట్రంలో నుంచి నడిచి అవతలికి పోవాలి. వరసలో నిలబడి విసిగిపోయిన పిల్లవాడు ఎవడో ఒకడు తండ్రిని అడగనే అడుగుతాడు: "నాన్నా, మనం దేవుడి దర్శనానికి వచ్చాం గదా! దొంగల్ని సోదా చేసినట్టు మనల్ని సోదా చేస్తారేం?"

మంచి ప్రశ్నే. దీనికి జవాబు తెలుసుకోవాలంటే ముందు ఒక చేను దగ్గరికి పోదాం.

జొన్న కంకి పాలుపోసుకొన్న రోజుల్లో రైతు చేలో మంచె వేసి, దానిమీద ఒక మనిషిని కూర్చోబెడతాడు. ఆ మనిషి వడిసెల పట్టుకొని పగలంతా పిట్టలను తోలుతాడు. రాత్రివేళ అడవిపందులు రాకుండా కేకలు వేస్తాడు. పంట ఇంటికి వచ్చాక దున్నినవాడినీ, కోసినవాడినీ అందరూ మెచ్చుకొంటారు. మంచె మీద కూర్చున్నవాడు చేసిన పని మాత్రం ఎవరికీ కనపడదు. గింజ పోలేదు. వాడు చేసిన పని అదే!

మన దేశంలో ఇటువంటి కాపలా పని చేసేవారు లక్షలమంది ఉన్నారు. వారు కాచేది చేను కాదు, మనుషుల ప్రాణాలు. తమ పంతం నెగ్గించుకోవడానికి ఏ పాపమూ ఎరుగని జనాన్ని చంపి, మిగిలినవారిని భయపెట్టే పద్ధతిని ఉగ్రవాదం అంటారు. 2007 ఆగస్టు 25న హైదరాబాదులో లుంబినీ పార్కులోనూ, కోఠీలో ఒక తినుబండారాల దుకాణం దగ్గరా బాంబులు పేలి నలభైమందికి పైగా చనిపోయారు. వారంతా సాయంత్రం పూట సరదాగా షికారు వచ్చినవారే. అలిపిరి దగ్గర మీ సంచీ చూచేవారు మిమ్మల్ని దొంగలని అనుకోవడం లేదు. అటువంటి సాయంత్రం మళ్ళీ రాకూడదని చూస్తున్నారు.

ఇంతకూ ఆ వాకిలి చట్రంలో ఏమున్నది? దాని రెండు పక్కలా తీగచుట్లు ఉంటాయి. వాటిలో విద్యుత్తు క్షణక్షణమూ మారుతూ ప్రవహిస్తుంది. అందుచేత ఆ వాకిలిలో అయస్కాంత క్షేత్రం కూడా మారుతూ ఉంటుంది. లోహపు వస్తువు ఏదైనా అందులోకి వస్తే, ఆ లోహంలో చిన్న చిన్న విద్యుత్ప్రవాహాలు పుడతాయి. వాటి జాడను యంత్రం పసికట్టి కూత పెడుతుంది. మీ నడుముకున్న బెల్టు బిళ్ళకు కూడా అది కూస్తుంది. కత్తి ఏదో, బిళ్ళ ఏదో దానికి తెలియదు. తేల్చవలసింది మనిషే.

సంచులు పోయే యంత్రంలో ఎక్స్‌రే కిరణాలు పనిచేస్తాయి. లోపలి వస్తువులు తెరమీద రంగురంగులుగా కనిపిస్తాయి. ఇనుమువంటి లోహాలు నీలంగా కనిపిస్తాయి. బట్టలు, కాగితాలు, తిండి పదార్థాలవంటివి నారింజ రంగులో కనిపిస్తాయి. తమాషా ఏమిటంటే, చాలా పేలుడు పదార్థాలు కూడా నారింజ రంగులోనే కనిపిస్తాయి! అందుకనే మీ అమ్మమ్మ కట్టి ఇచ్చిన మిఠాయి పొట్లాం విప్పి చూపించమని ఒక్కొక్కప్పుడు అడుగుతారు. వారికి మిఠాయి మీద ఆశ లేదు సుమా!

తెరవంక అదేపనిగా చూస్తే ఎవరి కళ్ళయినా అలసిపోతాయి. అందుచేత విమానాశ్రయాలలో ఒక మనిషిని తెర ముందు సుమారు 20 నిమిషాలకు మించి కూర్చోనివ్వరు. మరొకరు వచ్చి కూర్చుంటారు. అంతేకాదు, చూచేవారు జాగ్రత్తగా చూస్తున్నారో లేదో తెలుసుకోవడానికి, నిజంగా లేని తుపాకి బొమ్మను యంత్రమే అప్పుడప్పుడూ ఎవరిదో ఒకరి సంచీ బొమ్మలో కలిపి చూపిస్తుంది! దానిని కనిపెట్టవలసిందే. రోజూ పరీక్ష రాయవలసిన ఉద్యోగం అన్నమాట.

ఈ జాగ్రత్తలన్నీ ఎందుకు వచ్చాయో చెబుతాను. 1999 డిసెంబరు 24న ఖాట్మండు నుంచి ఢిల్లీకి బయలుదేరిన మన విమానాన్ని ఐదుగురు సాయుధులు దారి మళ్ళించి, చివరకు ఆఫ్గనిస్తాన్‌లోని కాందహార్‌కు తీసుకుపోయారు. ఒక ప్రయాణికుణ్ణి చంపారు. మిగిలినవారిని విడిపించుకోవడానికి మన ప్రభుత్వం ముగ్గురు ఖైదీలను వదిలిపెట్టవలసి వచ్చింది. ఆయుధం విమానంలోకి ఎక్కిన తరువాత ఎంతటి వీరుడికైనా చేతులు కట్టేసినట్టే. దానిని వాకిట్లోనే ఆపాలి.

ఆ మరుసటి సంవత్సరం, అంటే 2000 నుంచి, విమానాశ్రయాల కాపలా కేంద్ర పారిశ్రామిక భద్రతాదళానికి అప్పగించసాగారు. దానినే సి.ఐ.ఎస్.ఎఫ్. అంటారు. ప్రభుత్వ కర్మాగారాలను కాపాడడానికి 1969లో ఆ దళం పుట్టింది. ఇప్పుడు అరవైకి పైగా విమానాశ్రయాలు, విశాఖ ఉక్కు కర్మాగారం, శ్రీహరికోట రాకెట్ కేంద్రం దాని కాపలాలోనే ఉన్నాయి. 2024 నుంచి పార్లమెంటు భవనం కూడా. ఆ దళంలోని అధికారులు శిక్షణ పొందే జాతీయ పారిశ్రామిక భద్రతా అకాడమీ మన హైదరాబాదు పక్కన హకీంపేటలోనే ఉన్నది.

ఈ పని చేసేవారందరూ మనుషులే కారు. 1993 మార్చి 12న బొంబాయిలో వరసగా బాంబులు పేలి 257 మంది చనిపోయారు. ఆ రోజుల్లో అక్కడి పోలీసుల దగ్గర జంజీర్ అనే లాబ్రడార్ కుక్క ఉండేది. అది వాసన పట్టి మూడువేల కిలోలకు పైగా ఆర్.డి.ఎక్స్. అనే పేలుడు పదార్థాన్ని బయటపెట్టింది. అదంతా పేలి ఉంటే ఎన్ని వేలమంది పోయేవారో! 2000లో జంజీర్ చనిపోతే పోలీసులు లాంఛనాలతో దానిని సాగనంపారు.

కుక్క ముక్కులో వాసన పట్టే కణాలు ఇరవై కోట్లకు పైగా ఉంటాయి. మనకు యాభై అరవై లక్షలే. కుక్కకు ఈ విద్య నేర్పడం ఒక ఆటే. ఫలానా వాసన ఉన్న పెట్టెను కనిపెట్టిన ప్రతిసారీ దానికి బంతి ఇచ్చి ఆడిస్తారు. కొన్నాళ్ళకు ఆ వాసన అంటే బంతి అని దానికి తెలిసిపోతుంది. అయితే వాసన తగిలినప్పుడు అది మొరగకూడదు, గోళ్ళతో గీకకూడదు. కదలకుండా కూర్చోవాలి. ఎందుకో మీరే ఊహించగలరు!

కుక్క కూర్చున్నచోటికి బాంబు నిపుణులు వస్తారు. వారు తొడుక్కొనే కవచం సుమారు 35 కిలోల బరువు ఉంటుంది. ఎండాకాలంలో దానితో నాలుగడుగులు వేయడమే కష్టం. అందుచేత వీలైనచోట యంత్రాన్ని ముందు పంపుతారు. మన రక్షణ పరిశోధన సంస్థవారు "దక్ష్" అనే మరమనిషిని తయారుచేశారు. దానికి చక్రాలు, పొడుగాటి చెయ్యి, కెమేరా కళ్ళు ఉన్నాయి. అది మెట్లు కూడా ఎక్కుతుంది. మనిషి దూరాన నిలబడి దానిని నడిపిస్తాడు. అది బాంబు మీదికి నీటిని తుపాకిగుండంత వేగంగా కొడుతుంది. లోపలి తీగలు పనిచేసేలోపలే ఆ నీటి దెబ్బకు బాంబు విడిపోతుంది.

ఇక వీరుల మాట. 2001 డిసెంబరు 13న ఐదుగురు సాయుధులు దొంగ చీటీ అంటించిన కారులో ఢిల్లీ పార్లమెంటు ఆవరణలోకి వచ్చారు. లోపల ఎందరో సభ్యులు ఉన్నారు. కమలేశ్ కుమారి అనే కానిస్టేబులు అప్పుడు గేటు దగ్గర కాపలా ఉన్నది. ఆమె చేతిలో తుపాకి లేదు, వైర్‌లెస్ మాత్రం ఉన్నది. ఆ కారును చూచి అనుమానించి, ఆమె కేకవేసి తోటివారిని హెచ్చరించింది. దుండగులు ఆమెను కాల్చి చంపారు. కాని కేక వినబడనే వినబడింది. తలుపులు మూతపడ్డాయి. దుండగులలో ఒక్కడు కూడా సభలోకి అడుగుపెట్టలేకపోయాడు. ఐదుగురూ బయటే హతమయ్యారు. ఆమెకూ, పార్లమెంటు కాపలాదారులైన జగదీశ్ ప్రసాద్ యాదవ్, మత్‌బర్ సింగ్ నేగీలకూ మరణానంతరం అశోకచక్రం ఇచ్చారు. శాంతికాలంలో చూపిన ధైర్యానికి మన దేశంలో అంతకుమించిన పతకం లేదు.

మీరు "బ్లాక్ క్యాట్" కమాండోల పేరు వినే ఉంటారు. వారు 1984లో ఏర్పడిన జాతీయ భద్రతాదళం వారు. 2008 నవంబరు 26 రాత్రి ముంబయి మీద దాడి జరిగినప్పుడు వారు ఢిల్లీ దగ్గరి మానేసర్ నుంచి రావలసి వచ్చింది. తెల్లవారిగాని చేరలేకపోయారు. ఆ దాడిలో 166 మంది చనిపోయారు. తాజ్ హోటలులో చిక్కుకొన్నవారిని కాపాడుతూ మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్ ప్రాణాలు విడిచాడు. ఆలస్యం ఎంత చేటో తెలిసివచ్చి, 2009లో ముంబయి, చెన్నై, కలకత్తా, హైదరాబాదులలో కూడా ఆ దళాన్ని ఉంచారు. మన రాష్ట్రంలో 2007లోనే ఆక్టోపస్ అనే దళం వచ్చింది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌కూ, తెలంగాణకూ వేరువేరు ఆక్టోపస్ దళాలు ఉన్నాయి. తిరుమల కొండమీద మీకు కనిపించే కమాండోలు ఆ దళంవారే.

మరి ఈ ఉద్యోగాలలో చేరడం ఎలా? పదవ తరగతి ప్యాసై, 18 ఏళ్ళు నిండినవారు కేంద్ర దళాలలో కానిస్టేబులు పరీక్షకు కూర్చోవచ్చు. 2024 నుంచి ఆ పరీక్ష తెలుగులో కూడా రాయవచ్చు. తరువాత పరుగు పందెమూ, వైద్య పరీక్షా ఉంటాయి. డిగ్రీ చదివితే సబ్ ఇన్‌స్పెక్టరు, అసిస్టెంట్ కమాండెంట్ పరీక్షలు ఉన్నాయి. బ్లాక్ క్యాట్ దళంలోకి మాత్రం నేరుగా తీసుకోరు. ముందు సైన్యంలోనో, పోలీసు దళాలలోనో పనిచేసి పేరు తెచ్చుకొన్నవారిని ఏరి తీసుకొంటారు. పరుగెత్తలేనివారు దిగులుపడనక్కరలేదు. పేలిన బాంబు తునకలను పరీక్షించే రసాయన శాస్త్రజ్ఞులు, కంప్యూటరు నిపుణులు, పరాయి భాషలు చదవగలవారు, అందరూ ఈ పనికి కావాలి.

నేను చాలా ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పాను. శనివారం సాయంత్రం పిల్లలచేత ఒక ఆట ఆడించేవాణ్ణి. బల్లమీద పదిహేను వస్తువులు పెట్టి, నిమిషంసేపు చూపించి, తువ్వాలు కప్పి, ఒకటి తీసివేసేవాణ్ణి. ఏది పోయిందో చెప్పాలి. కమాండో అవుతానని రోజూ చెప్పే బలశాలి ఒకడు ఎప్పుడూ ఓడిపోయేవాడు. వెనక బల్లమీద కూర్చునే ఒక ఆడపిల్ల ఎప్పుడూ గెలిచేది. కొన్నాళ్ళకు ఆ పిల్లకే భద్రతాదళంలో ఉద్యోగం వచ్చింది.

ఆర్డరు వచ్చిన రోజున వాళ్ళ అమ్మ మా ఇంటికి వచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకొన్నది. "మాస్టారూ, ఆడపిల్లను తుపాకుల మధ్యకు పంపమంటారా?" అని అడిగింది. కమలేశ్ కుమారి కూడా పిల్లల తల్లే. ఆ సంగతి తెలిసి, ప్రమాదం లేదని నేను ఎలా చెప్పను? "ప్రమాదం లేదనలేనమ్మా. పని మంచిదని మాత్రం చెప్పగలను," అన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "దాన్నే అడుగుతాను లెండి," అని లేచింది. కూతురు వెళతానన్నది. తల్లి దగ్గరుండి రైలెక్కించింది.

ఆ అమ్మాయి ఇప్పటికీ సంక్రాంతికి ఫోను చేస్తుంది. "ఎలా ఉందమ్మా ఉద్యోగం?" అంటే, "జనం తిడుతూ ఉంటారండీ, ఆలస్యం చేస్తున్నామని. ఈ ఏడు కూడా ఏమీ జరగలేదు మాస్టారూ," అంటుంది. ఆ మాటకన్న మంచి కబురు నాకు మరొకటి లేదు.

పిల్లలూ, కాపలావాడికి బలం కన్న ముందు రెండు గుణాలు ఉండాలి. మొదటిది నిజాయితీ. కంచే చేను మేస్తే కాపాడేవారు ఎవరు? లంచం తీసుకొని వదిలిన ఒక్క సంచీ చాలు, అందరి శ్రమా వృథా కావడానికి. రెండవది సమదృష్టి. మనిషి కట్టిన బట్టనూ, పెట్టిన బొట్టునూ, టోపీనీ, మాట్లాడే భాషనూ చూచి అనుమానించకూడదు. అలా చూచేవాడి కళ్ళు ఒకవైపే ఉంటాయి. అపాయం రెండోవైపు నుంచి వస్తుంది. చూడవలసింది వస్తువును, నడవడిని.

ఈ కాపలాలో మీరు కూడా ఇప్పుడే చేరవచ్చు. బస్సులోగాని, స్టేషనులోగాని ఎవరిదో తెలియని సంచీ కనిపిస్తే ముట్టుకోకండి, తన్నకండి. దూరంగా జరిగి పెద్దలకు చెప్పండి, లేదా 112కు ఫోను చేయించండి. పదిసార్లు అది ఎవరో మరచిపోయిన బట్టల సంచే కావచ్చు. అప్పుడు మిమ్మల్ని చూచి ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

ఈసారి అలిపిరి దగ్గర మీ సంచీ చూచినవారికి ఒక నమస్కారం పెట్టి మరీ కొండ ఎక్కండి.