ఆపత్సమయమున మనసుకు అండ

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయము పోటీ పరీక్షలకు చదువుకొను యువతీయువకులతో నిండియుండును. అక్కడికి నడిచిపోదగిన దూరములోనే అశోక్ నగర్ శిక్షణ కేంద్రములు, వసతిగృహములు కలవు. నారాయణగూడలో పాఠశాలలు, జూనియర్ కళాశాలలు కలవు. పదవ తరగతి బాలుని మొదలు గ్రూప్-1 అభ్యర్థి వరకు ఎందరో ఈ మూడు పేటలలో చదువుచున్నారు. వారిలో అనేకులు ఇల్లు విడిచి దూరపు ఊళ్లనుండి వచ్చినవారు. పాఠము చెప్పు చోటు ఎక్కడనో ఈ వీధుల గోడలే చెప్పును. రాత్రి 2 గంటలకు ఒక విద్యార్థి మనసు నిలువలేకపోయినచో ఎవరిని పిలువవలెనో కూడ గోడలే చెప్పవలెను.

మానసిక ఆపత్స్థితి అనగా నేమి? దుఃఖము, భయము, అవమానము ఒక్కసారిగా పెరిగి, ఇక దారి లేదని తోచు స్థితియే అది. ఇది వరద వంటిది. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగినప్పుడు నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు వరదను ఆపలేదు. వరద తీయువరకు పట్టుకొనుటకు అందుబాటులో నున్నది, అంతే. మనసులోని వరద కూడ తరచుగా కొన్ని గంటలలో తగ్గుముఖము పట్టును. ఆ కొద్దికాలము చేతికందు ఆధారమే ప్రాణరక్షకము.

కౌమారదశలో ఈ వరదకు ఉద్ధృతి ఎక్కువ. మెదడులో ఉద్వేగములకు సంబంధించిన భాగములు ముందుగా చురుకుదేరును. ఆలోచించి నిగ్రహించుకొను శక్తికి ఆధారమైన ముందుభాగము మాత్రము 25 ఏండ్లు సమీపించువరకు పరిణతి చెందుచునే యుండును. కనుక పరీక్ష తప్పుట పెద్దవారికి ఒక సంవత్సరపు నష్టముగా తోచినను, బాలునికి జీవితమే ముగిసినట్లు తోచవచ్చును.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములలో పొరపాట్లు దొర్లినవి. 99 మార్కులు రావలసిన ఒక బాలికకు సున్న పడినది. ఆ ఫలితముల పిమ్మట కొద్ది దినములలో 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఏ మరణమునకైనను ఒకే కారణము చెప్పుట శాస్త్రసమ్మతము కాదు. అయినను ఫలితముల దినము ఎప్పుడు వచ్చునో అందరికి ముందుగనే తెలియును. ముందు తెలిసిన ఆపదకు ముందే సిద్ధపడవచ్చును.

టెలిఫోను ద్వారా ఇట్టి సహాయము అందించుట క్రొత్త కాదు. 1953లో లండన్ నగరమున ఛాడ్ వారా అను మతగురువు దీనికి దారి చూపెను. భారత ప్రభుత్వము 2022 అక్టోబరు 10న టెలి-మానస్ సేవను ప్రారంభించినది. దీని సంఖ్య 14416. రేయింబవళ్లు, ఉచితముగా, తెలుగులోనే మాటాడవచ్చును. మొదట శిక్షణ పొందిన సలహాదారు విని ధైర్యము చెప్పును. అవసరమైనచో మానసిక వైద్య నిపుణునికి అప్పగించును. పదునెనిమిదేండ్ల లోపు పిల్లలకు 1098 కలదు. ప్రాణాపాయము తక్షణమే యున్నచో 108 లేదా 112 పిలువవలెను.

విశాఖపట్నములో వైద్యవిద్య ప్రవేశపరీక్షకు చదువుచుండిన 17 ఏండ్ల బాలిక 2023లో మరణించిన కేసులో, 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశములోని విద్యాసంస్థలన్నిటికి మార్గదర్శకములు నిర్దేశించినది. శిక్షణ కేంద్రములు, వసతిగృహములు కూడ ఇందులో చేరినవి. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హతగల సలహాదారు ఒకరైనను ఉండవలెను. చిన్న సంస్థలు బయటి నిపుణులతో సంబంధము ఏర్పరచుకొనవలెను. సహాయ సంఖ్యలు తరగతి గదులలో, వసతిగృహములలో పెద్ద అక్షరములతో కనబడవలెను. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఈయవలెను. మార్కులను బట్టి తరగతులు విడదీయుట, నలుగురిలో అవమానించుట కూడదు.

అయితే పలక వ్రేలాడదీసినంత మాత్రమున సహాయము అందుబాటులోనికి రాదు. ప్రధానోపాధ్యాయుని గది ముందు, అందరు చూచుచుండగా, సంఖ్య వ్రాసికొనుటకు బాలుడు సిగ్గుపడును. మెట్లవద్ద, మంచినీటి కుళాయివద్ద, నోటుపుస్తకపు అట్టమీద, హాల్ టికెట్టుతో ఇచ్చు కాగితముమీద ఆ సంఖ్య ఉండవలెను. వసతిగృహములో రాత్రివేళ కూడ ఫోను దొరకవలెను. పోలీసు కేసు అగునేమోనను భయము తొలగించవలెను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము ఆత్మహత్యకు యత్నించినవాడు తీవ్రమైన ఒత్తిడిలో నున్నవానిగా భావింపబడును. అట్టివానికి శిక్ష కాదు, చికిత్స ఈయవలెను.

ఉపాధ్యాయుడు వైద్యుడు కానక్కరలేదు. నిద్రాహారములు మానుట, స్నేహితులకు దూరమగుట, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టుట, బ్రతుకు వృథాయని పలుకుట కనిపించినచో బాలుని ఒంటరిగా పిలిచి మెల్లగా అడుగవలెను. "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా, నాయనా?" అని సూటిగా అడిగినచో లేని ఆలోచన పుట్టునని పలువురి భయము. పరిశోధనలు ఈ భయము నిరాధారమని తేల్చినవి. అడిగినవారు దొరకుటచే బాలుని బరువు తగ్గును. తరువాత ఉపన్యాసమీయక వినవలెను, విడిచిపోరాదు, 14416కు తానే ఫోను కలిపి ఈయవలెను, ఇంటివారికి తెలుపవలెను. రహస్యముగా నుంచెదనని మాత్రము మాట ఈయరాదు. తోటి విద్యార్థి కూడ ఈ రహస్యమును దాచక నమ్మకమైన పెద్దవారికి చెప్పవలెను. అది చాడీ కాదు, స్నేహధర్మము.

చిక్కడపల్లి గ్రంథాలయము దీపము క్రింద, అశోక్ నగర్ గదిలో, నారాయణగూడ తరగతిలో కూర్చున్న ప్రతి విద్యార్థికి తన హాల్ టికెట్టు సంఖ్య వలెనే 14416 కూడ కంఠస్థము కావలెను. వరద వచ్చిన పిమ్మట చెట్టు నాటుట సాధ్యము కాదు.