నిండు బండ... ఖాళీ బండ!

గ్యాసు బండ మార్చిన ప్రతిసారీ నాకు న్యూటన్ గుర్తొస్తాడు. నిండు బండని జరపాలంటే నడుం పట్టేస్తుంది. అదే బలంతో ఖాళీ బండని నెడితే వెళ్లి గోడకి కొట్టుకుంటుంది. బలాన్ని ద్రవ్యరాశితో భాగిస్తే త్వరణం... రెండో సూత్రమంటే అంతే కదండీ!

1969 జూలై 16న ముగ్గురు మనుషుల్ని చంద్రుడి దారి పట్టించిన శాటర్న్-5 రాకెట్టునే చూడండి. బరువు సుమారు 2,900 టన్నులు. అందులో తొంభై శాతానికి పైగా ఇంధనమూ, దాన్ని మండించే ద్రవ ఆక్సిజనూ! అయిదు ఇంజన్లూ కలిసి దాదాపు 3,400 టన్నులు ఎత్తగల బలంతో పైకి తోశాయి. సొంత బరువు మోయగా మిగిలింది 500 టన్నుల బలమే. దాన్ని 2,900తో భాగించి, భూమ్యాకర్షణ 9.8తో గుణించండి. వేగం సెకనుకి 1.7 మీటర్ల చొప్పున పెరిగిందన్నమాట. అందుకే మొదట నిండు చూలాలు లేచినట్టు మెల్లగా లేచింది.

కానీ సెకనుకి 13 టన్నులు మండిపోతుంటే రాకెట్టు తేలికైపోతుంది, తోసే బలం మాత్రం తగ్గదు. రెండు నిమిషాలు దాటేసరికి లోపలి వాళ్లకి తమ ఒళ్లే దాదాపు నాలుగు రెట్లు బరువనిపించే పరిస్థితి. ఇంకా పెరిగితే మనిషీ, రాకెట్టూ తట్టుకోవద్దూ? అందుకని 135వ సెకనులో, ఇంధనం ఇంకా ఉండగానే, నడిమి ఇంజన్ని ఆపేశారు. మిగతా నాలుగూ మరో 26 సెకన్లు మండాయి.