స్వెట్టర్ తర్వాత.. ముందు టోపీ!

మా ట్రంకు పెట్టె అడుగున చాలాకాలం ఓ పసుపుపచ్చ స్వెట్టర్ ఉండేది. నిజం చెప్పాలంటే ముప్పావు స్వెట్టర్. వీపు, ఛాతీ భాగాలు, ఒక చెయ్యి అయ్యాయి. రెండో చెయ్యి సగంలో ఉండగానే, ఎవరికోసం మొదలుపెట్టానో ఆ బుడతడు, మా అక్క కొడుకు, బడికి వెళ్లడం మొదలుపెట్టాడు!

అల్లిక నేర్చుకుందామని సరదాపడిన చాలామంది ఇళ్లలో ఇలాంటిదొకటి ఉండే ఉంటుంది. మెడ దగ్గర కుట్లు తగ్గించాలి, చంకల దగ్గర తగ్గించాలి, రెండు చేతులూ సమానంగా రావాలి. కొత్తవాళ్లకి అంత ఓపిక ఎక్కడిది? అసలు మొదటి అల్లికకే స్వెట్టర్ పెట్టుకోవడం నా తెలివితక్కువతనం.

మళ్లీ సూదులు పట్టించింది అక్క రెండో కాన్పే. నెలలు నిండకుండానే పాప పుట్టింది. బరువు 1,800 గ్రాములు. ఆసుపత్రిలో పాపని తల్లి గుండెలకి ఆనించి పడుకోబెట్టమన్నారు. కంగారూ సంరక్షణ అంటారు దీన్ని. 1970ల చివర్లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్లు మొదలుపెట్టిన పద్ధతి. పాప ఒంటిమీద డైపరు, మేజోళ్లు, టోపీ మాత్రమే ఉండాలి. బజార్లో కొన్న టోపీలన్నీ ముక్కు మీదికి జారిపోతున్నాయి. బావగారు పాప తల చుట్టూ దారం చుట్టి, కలిసిన చోట ముడివేసి, ఆ ముక్క తెచ్చి నా చేతిలో పెట్టారు. స్కేలు మీద పెట్టి చూస్తే 29 సెంటీమీటర్లు. అంతే! ఆ రాత్రి, మర్నాడు పగలు కూర్చుని టోపీ అల్లేశాను. దానికి తగ్గించడాలూ లేవు, పెంచడాలూ లేవు. ఒక పట్టీ, రెండు కుట్టుపనులు. అందుకే అల్లిక కొత్తగా నేర్చుకునేవాళ్లకి ముందు అదే చెబుతాను.

ఒక 50 గ్రాముల ఊలు ఉండ, 8 నంబరు సూదులు చాలు. ఇక్కడో చిక్కుంది. మన దుకాణాల్లో పాత లెక్క ప్రకారం నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 8 నంబరు అంటే 4 మిల్లీమీటర్లు, 12 అంటే 2.75. పెద్ద నంబరు లావుగా ఉంటుందనుకుని నేను 12 తెచ్చుకుని ఎంత అవస్థ పడ్డానో! మిల్లీమీటర్లు అడిగి తీసుకోవడం మేలు. ఊలు మధ్యస్థం లావు, లేత రంగుది ఎంచుకోండి. ముదురు రంగుల్లో కుట్లు కనబడవు. నూగు రేగే ఊలు పసిపిల్లల నోట్లోకి పోతుంది కనుక వద్దు.

సుమారు 34 కుట్లు ఎక్కించండి. నెలలు నిండి పుట్టిన పాపాయికి ఈ లెక్క. ఇక అన్ని వరుసలూ ఒకటే కుట్టు. ఊలు వెనకవైపు ఉంచి, కుడి సూదిని ఎడమ సూది మీది మొదటి కుట్టులోకి ముందునుంచి వెనక్కి దూర్చాలి. ఊలుని దాని కొస చుట్టూ తిప్పి, ఆ చుట్టుని కుట్టులోంచి ముందుకు లాగి, పాత కుట్టుని ఎడమ సూది మీంచి జారవిడవాలి. వరుస అయ్యాక సూదులు చేతులు మార్చుకోవడమే.

పది వరుసలకోసారి కుట్లు లెక్కపెట్టండి. 34 కాస్తా 35, 36 అవుతున్నాయా? వరుస మొదట్లో ఊలు సూది మీదుగా వెనక్కి వెళ్లి ఉంటుంది. అప్పుడు మొదటి కుట్టు రెండుగా కనబడుతుంది, మనం రెంటినీ అల్లేస్తాం. ప్రతి వరుసా మొదలుపెట్టేముందు ఊలుని సూది కిందనుంచి వెనక్కి తీసుకోండి. కుట్టు జారితే కంగారుపడి లాగకండి, వెంటనే పిన్నీసు పెట్టి ఆపండి.

పట్టీ 34 సెంటీమీటర్లయ్యాక ఆపాలి. బిడ్డ పుట్టేసి ఉంటే దారంతో తల కొలిచి, ఒకటి రెండు సెంటీమీటర్లు తగ్గించండి. ఈ అల్లిక బాగా సాగుతుంది. ముగించేటప్పుడు రెండు కుట్లు అల్లి, మొదటిదాన్ని రెండోదాని మీదుగా దాటించి వదిలేయాలి. అలా చివరిదాకా, వదులుగా. పట్టీని పొడవు సగానికి మడిచి, కలిసిన అంచులు ఓ పక్క, పైభాగం కుట్టేస్తే టోపీ తయారు. పైన రెండు మూలలూ పిల్లి చెవుల్లా నిలబడతాయి. బొత్తాలు, పూసలు, ఊలు బంతులు తగిలించకండి, ఊడితే నోట్లోకే. సబ్బునీళ్లలో ఉతికి, ఎండలో ఆరేసి మరీ ఇవ్వండి. ఇంకో మాట కూడా చెప్పి ఇవ్వండి. నెలలు నిండి పుట్టి ఇంటికొచ్చిన బిడ్డకి నిద్రలో టోపీ వద్దంటారు డాక్టర్లు. ఒళ్లు వేడెక్కుతుంది, ముఖం మీదికి జారుతుంది. బయటికి తీసుకెళ్లేటప్పుడు పెడితే చాలు.

ఇదే పట్టీని 20 కుట్లతో 36 సెంటీమీటర్లు అల్లి మడిచి, రెండు పక్కలా కుడితే మామగారి కళ్లజోడుకి సంచీ. 40 కుట్లతో 140 సెంటీమీటర్లు చేస్తే నాన్నగారి పొద్దుటి షికారుకి మఫ్లరు. దానికి మాత్రం 150 నుంచి 200 గ్రాములు కావాలి.

మా పసుపు స్వెట్టర్ ఏమైందంటారా? విప్పేశాను. విప్పిన ఊలు సేమ్యాలా వంకీలు తిరిగి ఉంటుంది, అలాగే అల్లితే ఎగుడుదిగుడుగా వస్తుంది. కుర్చీ వీపు చుట్టూ చుట్టి, నాలుగు చోట్ల దారంతో వదులుగా కట్టి, తీసి గోరువెచ్చటి నీళ్లలో ముంచి, దండెం మీద వేలాడదీయండి. కింది కొసకి చిన్న బరువేదైనా కట్టండి. నేను బట్టల క్లిప్పులు నాలుగు తగిలించాను. ఆరేసరికి వంకీలు చాలావరకు పోయాయి.